డొమైన్ పేరులో ‘వైజాగ్’ ఉంటే గూగుల్‌లో పైకొస్తామా?

వెబ్‌సైటు పేరు గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. డొమైన్ పేర్లను ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాం. మీరు బ్రౌజరులో ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టండి.

ప్రశ్న: గాజువాకలో పదకొండేళ్లుగా ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు నడుపుతున్నాను. షాపుకి మా నాన్నగారి పేరే పెట్టాం. వెబ్‌సైటు చేసే కుర్రాడు ‘నాన్నగారి పేరు ఎవరు వెతుకుతారండి, వైజాగ్ ఏసీ రిపేర్ సర్వీస్ అని మొత్తం కలిపి డొమైన్ తీసుకోండి, నెల తిరిగేసరికి మొదటి పేజీలో ఉంటారు’ అంటున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఇప్పుడు నిజం కాదు. ఒకప్పుడు కొంత నిజం. ఆ పాత మాటే ఇంకా చేతులు మారుతోంది.

జనం వెతికే మాటల్నే డొమైన్‌గా పెట్టుకున్న సైట్లు, లోపల పెద్దగా ఏమీ లేకపోయినా, ఒకప్పుడు పైకొచ్చేవి. 2012 సెప్టెంబరు 28న గూగుల్‌లో స్పామ్ కట్టడి విభాగాన్ని చూసే మ్యాట్ కట్స్, అలాంటి నాసిరకం సైట్లను కిందికి దించే మార్పు తెస్తున్నామని ప్రకటించారు. అమెరికాలో ఇంగ్లీషులో జరిగే వెతుకులాటల్లో 0.6 శాతం మీద ఆ మార్పు కనిపిస్తుందని కూడా చెప్పారు. ఈమధ్య గూగుల్ సైట్లు పెట్టుకునేవాళ్ల కోసం రాసిన ప్రారంభ గైడులో ఇంకా తేటగా చెప్పింది: డొమైన్‌లోనూ, పేజీ అడ్రసులోనూ ఉన్న మాటల వల్ల ర్యాంకుకు దాదాపుగా ఒరిగేదేమీ లేదు.

‘మరి అలాంటి పేర్లవాళ్లు కొందరు పైన కనిపిస్తున్నారుగా’ అని మీకు అనిపించవచ్చు. దానికో కారణం ఉంది. ఇతరులు మీ సైటుకి లింకు ఇచ్చేటప్పుడు సైటు పేరునే రాసి లింకు పెడతారు. లింకు మీద ఉన్న మాటల్ని గూగుల్ చదువుతుంది. పేరులో ‘ఏసీ రిపేర్’ ఉంటే ఆ మాటలు లింకులోకీ వస్తాయి. కాకపోతే ముందు లింకు ఇచ్చేవాళ్లు ఉండాలి కదా. పైనున్న ఆ సైట్లు చాలావరకు ఏళ్ల తరబడి పనిచేసి, లింకులూ రివ్యూలూ కూడబెట్టుకున్నవి. పేరు వాటి పక్కన కనిపిస్తుంది కాబట్టి ఘనత పేరుకు పోతోంది.

మీ వృత్తికి అసలు పోటీ వేరేచోట ఉంది. కూర్మన్నపాలెంలో ఏసీ ఆగిపోయిన మనిషి ఫోనులో వెతికితే ముందుగా మ్యాపూ, దాని కింద మూడు షాపులూ కనిపిస్తాయి. అక్కడ గూగుల్ చూసేవి మూడు: అడిగిన పనికీ మీ పనికీ పొంతన, దూరం, మీకున్న పేరు. దూరాన్ని మనం మార్చలేం. మిగతా రెండూ గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో, అంటే మ్యాపులో మీ షాపు వివరాలు చూపే పేజీలో, మన చేతిలోవే. ప్రధాన కేటగిరీ ‘ఏసీ రిపేర్ సర్వీస్’ అని సరిగ్గా ఎంచుకోండి. వెళ్లి పనిచేసే ప్రాంతాలు ఇరవై దాకా ఇవ్వొచ్చు: గాజువాక, కూర్మన్నపాలెం, అగనంపూడి, షీలానగర్, ఇలా. పని పూర్తయిన రోజే రివ్యూ లింకు వాట్సాప్‌లో పంపండి. వారం దాటితే ఎవరూ రాయరు.

ఒక హెచ్చరిక. డొమైన్‌లో పెట్టలేకపోయిన మాటలన్నీ కొందరు ప్రొఫైల్ పేరులో కుక్కుతారు: ‘నాన్నగారి పేరు, బెస్ట్ ఏసీ రిపేర్ వైజాగ్ గాజువాక’ అని. బోర్డు మీద ఏ పేరుందో ప్రొఫైల్‌లో అదే ఉండాలన్నది నియమం. ఎవరైనా ఫిర్యాదు చేస్తే పేరు దిద్దేస్తారు, లేదా ప్రొఫైల్‌నే నిలిపేస్తారు. నిలిపేస్తే రివ్యూలన్నీ కనిపించకుండా పోతాయి. వేసవి మధ్యలో అలా జరిగితే ఆ సీజన్ పోయినట్టే.

ఇక సైటు సంగతి. ఏసీకి ఒక పేజీ, ఫ్రిజ్‌కి ఇంకో పేజీ పెట్టండి. పేజీ టైటిల్ ‘ఏసీ రిపేరు, గాజువాక’ అని మొదలై షాపు పేరుతో ముగియాలి. వెతికే మాటలు ఉండాల్సిన చోటు అది. లోపల విజిటింగ్ ఛార్జి ఎంతో, గ్యాస్ నింపడానికి ఎంతో, ఎన్ని గంటల్లో వస్తారో రాయండి. మన ఊళ్లో సముద్రపు గాలికి ఔట్‌డోర్ యూనిట్ కాయిల్ తుప్పు పట్టి గ్యాస్ కారిపోతుంది. బీచ్ వైపు ఫ్లాట్లలో ఇది రోజూ మీరు చూసే పనే. తుప్పు పట్టిన కాయిల్ ఫొటో ఒకటి, కోటింగ్ వేసిన కొత్త కాయిల్ ఫొటో ఒకటి పెట్టి, ఎప్పుడు అతుకు వేస్తే సరిపోతుందో, ఎప్పుడు కాయిల్ మార్చాలో నాలుగు పేరాలు రాయండి. పొడుగాటి డొమైన్ చేయలేని పని ఆ పేజీ చేస్తుంది.

పేరు మాత్రం నాన్నగారిదే ఉంచండి. కావాలంటే చివర ‘ఏసీ’ అని ఒక్క మాట కలపండి, చూసినవాళ్లకి ఏం షాపో తెలుస్తుంది. తీసుకునే ముందు ఎవరికైనా ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెప్పి, రాసి పంపమనండి. ముగ్గురిలో ఇద్దరు తప్పు రాస్తే ఆ పేరు వద్దు.

ప్రశ్న: మధురవాడలో ట్రావెల్స్ నడుపుతున్నాం, అరకు, లంబసింగి ట్రిప్పులు. మన ఊరికి వైజాగ్, విశాఖ, విశాఖపట్నం అని మూడు పేర్లు కదా. మూడింటితోనూ మూడు డొమైన్లు కొన్నాం. మూడు సైట్లూ పెడితే మూడుచోట్ల కనిపిస్తామా?
— ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: కనిపించరు. పైగా చిక్కు. పేరు, పైనున్న బొమ్మ మార్చి ఒకే సరుకుతో రెండు మూడు సైట్లు పెట్టడాన్ని గూగుల్ తన స్పామ్ నియమాల్లో ‘డోర్‌వే’ అంటుంది, అంటే దొడ్డిదారి వాకిళ్లు. చర్య దాకా పోకపోయినా, మూడింట్లో ఒకటి ఉంచి మిగతా రెండింటినీ నకళ్లుగా పక్కన పెడుతుంది. ఆ ఒక్కటి ఏదో మీరు చెప్పినట్టు ఉండదు. వచ్చిన లింకులూ మూడుచోట్లకి చెదిరిపోతాయి.

కాబట్టి ఒకటి ఎంచుకుని, మిగతా రెండూ 301 రీడైరెక్టుతో, అంటే వచ్చినవాళ్లని శాశ్వతంగా దారి మళ్లించే ఏర్పాటుతో, దానికే కలపండి. ఏది ఎంచుకోవాలన్నది స్పెల్లింగు తేలుస్తుంది. విశాఖపట్నానికి ఇంగ్లీషులో 13 అక్షరాలు. ‘ఎస్’ తర్వాత ‘హెచ్’ చేర్చేవాళ్లున్నారు, ‘కె’ తర్వాత ‘హెచ్’ మరిచిపోయేవాళ్లున్నారు, రెండూ కలిపి చేసేవాళ్లూ ఉన్నారు. వైజాగ్‌కి 5 అక్షరాలు, తప్పు రాసే సందే లేదు. అరకు చూడటానికి బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లకీ అదే పేరు అలవాటు. అద్దె కార్లు, టూర్లు అమ్మేవాళ్లకి మా ఓటు వైజాగ్‌కే. మీకు అనుమానముంటే, ఏ మాటని ఎక్కడ ఎంతగా వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో మూడు పేర్లూ పక్కపక్కన పెట్టి, ప్రాంతాన్ని పశ్చిమ బెంగాల్, ఒడిశా, తెలంగాణ అని ఒక్కొక్కటే మార్చి చూడండి. మీ కస్టమర్లు ఎక్కణ్నుంచి వస్తారో ఆ రాష్ట్రం మాటే లెక్క.

పేజీల్లో మాత్రం మూడు పేర్లూ సహజంగా రానివ్వండి. వైజాగ్, విశాఖపట్నం ఒకే ఊరని గూగుల్‌కి ఎప్పుడో తెలుసు.

ప్రశ్న: మాడుగుల హల్వా ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నాం. సరుకు పేరే ఉన్న డొమైన్ ఎవరో తొమ్మిదేళ్ల క్రితం కొని వదిలేశారట, ఇప్పుడు ఒక బ్రోకరు 60 వేలు అడుగుతున్నాడు. ‘పాత డొమైన్ కాబట్టి గూగుల్‌లో బలం ఉంటుంది’ అంటున్నాడు. మధ్యలో గీత పెట్టిన అదే పేరు మామూలు ధరకే దొరుకుతోంది. ఏది తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: రెండూ వద్దు. డొమైన్ కొని తొమ్మిదేళ్లయిందన్నంత మాత్రాన ర్యాంకు రాదు. ఆ తొమ్మిదేళ్లలో దాని మీద ఏం నడిచిందన్నదే లెక్క. వదిలేసిన డొమైన్‌ని దాని పాత పరపతి కోసం కొని సంబంధం లేని సరుకుతో నింపడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ నియమాల్లో పేరుపెట్టి చేర్చింది. మీరు నిజాయితీగా హల్వా అమ్ముకుంటే ఆ నియమం మీకు తగలదు. కానీ బ్రోకరు ‘బలం’ అని అమ్ముతున్నది గాలిని.

అయినా పాత డొమైన్ కొనక తప్పని పరిస్థితి ఎవరికైనా వస్తే, డబ్బు కట్టే ముందు ఇలా చూడండి. సైట్ల పాత రూపాలు దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో పేరు కొట్టి, ఏడాదికి రెండు మూడు తేదీలు తెరవండి. మధ్యలో రమ్మీ, లోన్ యాప్‌లు, చైనా లేదా జపాన్ అక్షరాల పేజీలు కనబడితే అక్కడితో ఆపేయండి. గూగుల్‌లో ‘సైట్’ అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా డొమైన్ రాసి వెతికితే ఇప్పుడు ఏ పేజీలు మిగిలాయో తెలుస్తుంది. అన్నిటికన్నా గట్టి రుజువు సెర్చ్ కన్సోల్‌లో, అంటే సైటు యజమానులకి గూగుల్ ఇచ్చే పనిముట్టులో ఉంటుంది. అమ్మేవాణ్ని డొమైన్ సెట్టింగుల్లో (డీఎన్ఎస్) సెర్చ్ కన్సోల్ మీకిచ్చే గుర్తింపు కోడ్‌ని టీఎక్స్‌టీ రికార్డుగా పెట్టమనండి, మీ ఖాతాలో డొమైన్ తెరుచుకుంటుంది. ‘మాన్యువల్ యాక్షన్స్’ (గూగుల్ తీసుకున్న చర్యలు), ‘సెక్యూరిటీ ఇష్యూస్’ రెండూ ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఐదు నిమిషాల పని. ఒప్పుకోనివాడితో బేరం ఆడకండి.

గీత పేరుకొస్తే, గూగుల్‌కి గీతతో పేచీ లేదు. పేచీ మనుషులతో. ఫోనులో ‘మాడుగుల డ్యాష్ హల్వా’ అని చెబితే విన్నవాళ్లు డ్యాష్ వదిలేసి కొడతారు, నేరుగా ఆ బ్రోకరు డొమైన్‌కే పోతారు. దానికితోడు ఇంగ్లీషులో హల్వాకి నాలుగో అక్షరం ‘డబ్ల్యూ’ అని కొందరు, ‘వి’ అని కొందరు. గూగుల్‌లో వెతికేవాళ్లకి ఈ రెండూ ఒకటే, అడ్రసు బారులో కొట్టేవాళ్లకి వేర్వేరు ఇళ్లు.

ఇంకో సంగతి. మాడుగుల హల్వా అన్నది ఊరి సరుకు పేరు, మీ ఒక్కరి పేరు కాదు. రేపు అరిసెలు, పూతరేకులు కలుపుకుంటే ఆ డొమైన్ ఇరుకైపోతుంది. మీకంటూ చిన్న పేరొకటి పెట్టుకుని, హల్వా పేజీని గట్టిగా రాయండి: గోధుమ పాలు ఎలా తీస్తారు, నెయ్యి ఎంత పడుతుంది, ఎన్ని రోజులు నిలవుంటుంది, అరకిలో డబ్బా హైదరాబాద్‌కి ఎన్ని రోజుల్లో చేరుతుంది. ఆ 60 వేలు మంచి ప్యాకింగుకీ, ఫొటోలకీ పెట్టండి.

ప్రశ్న: తెలుగు పుస్తకాలు అమ్ముతాం. డొమైన్ కూడా తెలుగు అక్షరాల్లోనే, డాట్ భారత్‌తో తీసుకుంటే తెలుగులో వెతికేవాళ్లకి ముందు కనిపిస్తామా?
— ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: అక్షరాలు తెలుగువైనంత మాత్రాన ర్యాంకు పెరగదు, తగ్గదు. తెలుగు డొమైన్ లోలోపల ‘ఎక్స్ఎన్’, రెండు గీతలు, ఆపైన ఇంగ్లీషు అక్షరాల గుంపుగా మారుతుంది. ఆ రూపాన్నీ తెలుగు రూపాన్నీ గూగుల్ ఒకటిగానే చూస్తుంది. చిక్కు వేరేచోట. తెలుగు డొమైన్ మీద పెట్టుకున్న ఈమెయిలు అడ్రసును చాలా ఫారాలు ఒప్పుకోవు. కొన్నిచోట్ల లింకు ఆ ఎక్స్ఎన్ రూపంలోనే కనిపించి, చూసినవాళ్లు మోసపు లింకేమోనని వెనక్కి తగ్గుతారు. అందుకని ఇంగ్లీషు అక్షరాల డాట్ ఇన్ ముఖ్యంగా పెట్టుకోండి. డాట్ భారత్ ముచ్చట ఉంటే అదీ కొని, డాట్ ఇన్‌కి రీడైరెక్టు చేయండి. తెలుగు పుస్తకాల అంగడికి తెలుగు పేరుండటం మాకూ ఇష్టమే.

పేజీ అడ్రసులో తెలుగు రాసేవాళ్లు ఒకటి గమనించాలి. ‘విశాఖ’ మన కంటికి మూడక్షరాలు. కంప్యూటరుకి వ, గుడి, శ, దీర్ఘం, ఖ కలిపి ఐదు. ఒక్కోదానికి 3 బైట్లు, ఒక్కో బైటూ లింకులో శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు. అంటే ఒక్క ‘విశాఖ’కే 45. నాలుగు మాటల శీర్షికను లింకుగా కాపీ చేసి పంపితే సగం తెర నిండుతుంది. ఇంకా, పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కంటికి కనపడని విడదీత గుర్తు పెడతాయి. అది ఉన్న లింకూ లేని లింకూ వేర్వేరు అడ్రసులు. చూడటానికి అచ్చం ఒకేలా ఉంటాయి, తెరిస్తే ఒకటి ‘పేజీ లేదు’ అంటుంది. శీర్షిక తెలుగులో పెట్టి, అడ్రసు రెండు మూడు ఇంగ్లీషు అక్షరాల మాటల్లో పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. తెలుగులో వెతికేవాళ్లకి మీరు దొరికేది శీర్షికలో, లోపలి రాతలో ఉన్న తెలుగు వల్లే.

ప్రశ్న: ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటరు మాది. సెంటరు పేరుతో ఉన్న పాత డొమైన్ మానేసి, కోచింగ్, వైజాగ్ అన్న మాటలున్న కొత్త డొమైన్‌కి మూడు వారాల క్రితం మారాం. గూగుల్ నుంచి వచ్చే ఫోన్లు దాదాపు ఆగిపోయాయి. పాత లింకు ఏది నొక్కినా కొత్త హోం పేజీ తెరుచుకుంటోంది, అంటే రీడైరెక్టు సరిగ్గానే ఉన్నట్టు కదా?
— ఒక పాఠకురాలు, ద్వారకానగర్

జవాబు: తప్పు సరిగ్గా అక్కడే ఉంది. పాత ‘క్లర్కు పరీక్ష సిలబస్’ పేజీ నొక్కితే కొత్త సైటులో అదే పేజీ తెరుచుకోవాలి. అన్నిటినీ హోం పేజీకి తిప్పితే, ఆ పేజీలు ఇక లేవన్నట్టే గూగుల్ లెక్కేస్తుంది. ఏళ్లుగా అవి కూడబెట్టుకున్నది కొత్తవాటికి చేరదు. మూడు వారాలే కాబట్టి ఇంకా చక్కదిద్దుకోవచ్చు.

పాత పేజీల జాబితా ముందు కావాలి. పాత డొమైన్ సెర్చ్ కన్సోల్‌లో ‘పెర్ఫార్మెన్స్’లోకి వెళ్లి, గడువు 16 నెలలు పెట్టి, పేజీల జాబితా దింపుకోండి. షీటులో ఎడమ వరసలో పాత అడ్రసు, కుడి వరసలో దానికి సరైన కొత్త అడ్రసు. డొమైన్ మాత్రమే మారి, దాని తర్వాతి భాగం అలాగే ఉంటే పని ఇంకా తేలిక. తోకను అలాగే మోసుకెళ్లే ఒక్క నియమం చాలు, మీ డెవలపరుకి అది పది నిమిషాల పని. రీడైరెక్టు 301 కావాలి. 302 అంటే తాత్కాలికం.

తర్వాత ఎక్కువమంది మరిచిపోయేది పాత డొమైన్ ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్, అంటే సైటు సురక్షితమని బ్రౌజరుకి చెప్పే పత్రం. పాత హోస్టింగు మానేస్తే అది గడువు దాటిపోతుంది. ఉచితంగా వచ్చేవాటిలో చాలావాటికి గడువు 90 రోజులే. అప్పుడు పాత లింకు నొక్కినవాళ్లకి రీడైరెక్టు కన్నా ముందే ఎర్ర హెచ్చరిక కనిపిస్తుంది. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ లేనిదీ, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, నాలుగు రకాలుగానూ పాత అడ్రసు కొట్టి చూడండి. నాలుగూ ఒక్క గెంతులోనే కొత్త పేజీకి చేరాలి. కొత్త సైటు తయారీలో ఉన్నప్పుడు, గూగుల్‌లో చూపొద్దని పెట్టిన ‘నోఇండెక్స్’ గుర్తు తీశారో లేదో కూడా చూడండి. అది ఉంటే మిగతావేవీ పనిచేయవు.

ఇవన్నీ అయ్యాకే సెర్చ్ కన్సోల్‌లో ‘చేంజ్ ఆఫ్ అడ్రస్’ నొక్కండి. పాత, కొత్త డొమైన్లు రెండూ ఒకే గూగుల్ ఖాతాలో ఉండాలి. ఆ సూచన 180 రోజులు పనిచేస్తుంది. రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచమంటుంది గూగుల్. పాత డొమైన్‌ని ఎన్నటికీ వదలొద్దని మా మాట. మీ పాంప్లెట్ల మీద, పాత విద్యార్థుల ఫోన్లలో ఉన్నది ఆ పేరే. పైగా దాని మీద ఈమెయిలు ఉండి ఉంటే, రేపు ఆ డొమైన్ కొన్నవాడికే మీ ఉత్తరాలూ, పాస్‌వర్డు మార్చే లింకులూ చేరతాయి.

చిన్న సైటు కుదుటపడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ లోపల కంగారుపడి మళ్లీ పాత డొమైన్‌కి దూకకండి. మారాల్సిన అవసరం మొదట్లోనే లేదు, ఆ మాట నిజం. కానీ రెండోసారి మారడం మొదటిదాని కన్నా ఎక్కువ దెబ్బ.

ప్రశ్న: డాట్ కామ్, డాట్ ఇన్, డాట్ షాప్, వీటిలో ర్యాంకుకి ఏది మంచిది? అలాగే పదేళ్లకి ఒకేసారి కడితే గూగుల్ నమ్ముతుందంటారు, నిజమా?
— ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: డాట్ తర్వాత ‘షాప్’ ఉన్నందుకు అదనపు మార్కులు లేవు. డాట్ ఇన్ వల్ల సైటు భారతదేశంలోని వాళ్లకోసమని గూగుల్‌కి తెలుస్తుంది, మనవాళ్లకి అది చాలు. విదేశాలకి అమ్మేవాళ్లు డాట్ కామ్ తీసుకోండి. మొదటి ఏడు ఆఫరు ధర చూసి మురిసిపోకుండా రెండో ఏటి రెన్యువల్ ఎంతో చూడండి. పదేళ్లు కడితే ర్యాంకు రాదు, మరిచిపోయే ప్రమాదం మాత్రం తప్పుతుంది.

ప్రశ్న: మా డొమైన్ వెబ్‌సైటు చేసినతనే కొన్నాడు. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, కంచరపాలెం

జవాబు: డొమైన్ల వివరాలు చూపే హూఈజ్ వెతుకులాటలో డొమైన్ కొడితే ఏ రిజిస్ట్రారు (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గరుందో, గడువు ఎప్పటిదాకానో తెలుస్తుంది. బిల్లులు, అతనితో నడిచిన వాట్సాప్ మెసేజీలు, షాపు లైసెన్సు, జీఎస్టీ కాగితం జతచేసి ఆ రిజిస్ట్రారు సపోర్టుకి రాయండి. గడువు తేదీ క్యాలెండరులో రాసుకోండి. డాట్ కామ్ అయితే గడువు దాటాక రిజిస్ట్రారు ఇచ్చే కొద్ది రోజుల వెసులుబాటు, ఆపైన 30 రోజుల విమోచన గడువు, తర్వాత 5 రోజులకి డొమైన్ ఎవరికైనా దొరుకుతుంది. విమోచన గడువులో తిరిగి తెచ్చుకోవడానికి మామూలు రెన్యువల్ కన్నా ఎన్నో రెట్లు కట్టాలి.

అతను దొరికితే, డొమైన్ మార్చుకోవడానికి కావలసిన ‘ట్రాన్స్‌ఫర్ కోడ్’ అడిగి మీ సొంత ఖాతాకి తెచ్చుకోండి. కొని 60 రోజులు కాకపోతే ఇంకో రిజిస్ట్రారుకి మారదు, అదే రిజిస్ట్రారులో మీ ఖాతాకి తోయమనండి. ఖాతాకిచ్చే ఈమెయిలు అదే డొమైన్ మీదది కాకుండా విడిగా మీ జీమెయిలు ఇవ్వండి. డొమైన్ గడువు దాటిన రోజున ఆ డొమైన్ ఈమెయిలూ ఆగిపోతుంది, రెన్యువల్ చేయమని వచ్చే ఉత్తరం కూడా అందులోనే చిక్కుకుపోతుంది.